బెల్లం సున్నం గుడి

మా చిన్నప్పుడు... క్రిస్మస్ పది రోజులుందనంగ ఇంటికొక్క బెల్లం ముద్ద గుడికి తెచ్చేది. తినెటందుకు కాదు... గోడలకు!

రుద్రూర్ దిక్కు మా ఊర్ల చర్చిని గుడి అనే అంటుంటిమి. విక్టోరియా రాణి కాలంల ఎవరో తెల్ల పాదిరి కట్టించిండట. రాతి గోడలు, మీద సున్నం. మా బాపు మేస్త్రి. బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పోసి సున్నం కలిపేటోడు. ఏడాదికోసారి పూత. ముద్దల మీద మేము కొరికిన పండ్ల గాట్లు చూసి నెత్తి మీద ఒక్కటి ఇచ్చేటోడు.

"గోడ గూడ ఊపిరి తీసుకుంటదిరా... దాని ముక్కు మూయొద్దు" అనేటోడు.

బాపు పోయినంక తాపీ నా చేతికొచ్చింది. అది పందొమ్మిది వందల ఎనభైల ముచ్చట. బోధన్ల సిమెంటు పనులు చేసి చేసి నాకు నెత్తికెక్కింది. ఏటేటా ఈ సున్నం గోస ఎందుకని ఊరోళ్లతోని అన్న. ఒక్కసారి సిమెంటు పూస్తే మీ మనుమలు గూడ గోడ ముట్టే పని లేదన్న.

గంట కొట్టే ఎస్తేరవ్వ ఒక్కతే అడ్డమొచ్చింది. "మీ బాపు కంటె మొనగానివారా?"

"అవ్వా, నువ్వు గంట కొట్టు. గోడ సంగతి నాకిడిసిపెట్టు."

అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన.

లోపట, బయట సిమెంటు పూసిన. నున్నగ... అద్దం లెక్క. ఆ క్రిస్మస్‌కు ఎవ్వరు బెల్లం తేలే.

ఏడెనిమిది వానకాలాలు పోయినయ్. గోడ ఉబ్బింది... పగిలింది. ఒక ఆదివారం పాట నడుస్తుండంగనే కిటికి మీది రాయి జారి పడ్డది. ఎవ్వలకు తగల్లే, దేవుని దయ. ఇంజినీరు వచ్చి చూసి, కూలగొట్టుడే అన్నడు. "పాత గుడి... వయసైపోయింది" అని ఊరంత అనుకున్నరు. నేను గూడ ఔనన్న.

గడ్డపార మొదటి పోటు నాదే. సిమెంటు పెచ్చు ఊడింది. లోపటి సున్నం తడి పిండి లెక్క చేతికంటింది... అన్నేండ్ల నీళ్లు బయటికి పోయే తొవ్వ లేక అండ్లనే ఆగినయ్. ఎస్తేరవ్వ పక్కనే ఉన్నది. సున్నం చూసింది, నన్ను చూసింది. కొంగు మూతికి అడ్డం పెట్టుకొని ఇంటికి పోయింది. సచ్చేదాక నాతోని మాట్లాడలే.

ఇప్పుడు కొత్త చర్చి ఉన్నది. స్లాబు, టైల్సు. క్రిస్మస్‌కు కేకు పంచుతరు. బెల్లం ముచ్చట చెప్తే పోరగాండ్లు నమ్మరు.

గుడి వయసైపోయి కూలలే... నా చేతులతోని పోయింది. ఇన్నేండ్లకు చెప్తున్న.

మీ ఊర్ల అసొంటి సున్నం గోడ ఏదన్న మిగిలుంటే చెప్పుర్రి... వస్త. చెయ్యి పెట్టను... ఉత్తగ చూసి పోత.