తెంపని ఆకు

జనగామ ఆఫీసులో నా పని మిరప ఆకుల ఫోటోలు చూసి, పక్కన "ముడత" అనో "ఆరోగ్యం" అనో రాయడం. అలా వేల ఫోటోలు చూపిస్తే కంప్యూటర్ తేడా తనంతట తానే నేర్చుకుంటుంది. ఆ తర్వాత రైతు ఫోన్‌తో ఆకును ఫోటో తీస్తే చాలు, తెగులు ఉందో లేదో చెప్పేస్తుంది. ఇంత చిన్న మాటను మా సారు ఇంగ్లిషులో గంటసేపు చెప్పేవాడు.

ఫోటోల కోసం మహబూబాబాద్ చుట్టుపక్కల ఊళ్లు తిరిగాను. కుర్చీ వేసుకుని కూర్చుంటే రైతులే ఆకులు తువ్వాలలో మూటగట్టి తెచ్చి, అరచేతిలో పెట్టి చూపించేవారు. అన్నీ తెగులు ఆకులే. జబ్బు చేసినవాళ్లనే కదా దవాఖానకు తీసుకొస్తారు. మంచి ఆకులు ఎవరూ తేలేదు కాబట్టి నేనే చేలకు వెళ్లి, వాటిని చెట్టు మీదనే తీశాను. కొన్ని ఫోటోలు పక్కన దాచి, చివర్లో వాటితో కంప్యూటర్‌కు పరీక్ష పెట్టాం. దాదాపు అన్నీ సరిగ్గా చెప్పింది. ఆఫీసులో మిఠాయి పంచారు. నేను రెండు తిన్నాను.

మా అక్క మహబూబాబాద్ దగ్గరే ఎకరం మిరప వేసింది. ఆమె ఫోన్‌లో ఆ యాప్ ఎక్కించింది కూడా నేనే. ఒక సాయంత్రం ఫోన్ చేసింది.

"చెల్లె, ఆకులు జర ముడుసుకుంటున్నయే. మీ బావ రేపే మందు కొడ్త అంటుండు."

"ఫోన్ల ఏమొచ్చింది?"

"మూడుసార్లు తీసిన. మంచిగనే ఉన్నదంటాంది."

"అయితే ఆగుమను. ఎండకు ముడుసుకున్నయేమో. బావకు అన్నిటికీ తొందరనే."

బావ ఆగాడు. పది రోజుల తర్వాత నేను వెళ్లేసరికి చేనంతా ముడుచుకుపోయి ఉంది. పక్క రైతు మొదట్లోనే మందు కొట్టాడు, ఆయన చేను చాలావరకు నిలబడింది. బావ నాకు మంచినీళ్లిచ్చి గట్టు మీద కూర్చున్నాడు. తిడితే బాగుండేది.

చెట్టు మీదున్న ఆకును ఫోటో తీశాను. ఆరోగ్యం అన్నది. అదే ఆకును తెంపి అరచేతిలో పెట్టి తీశాను. ముడత అన్నది. ఇంకో చెట్టు దగ్గరా అంతే. కంప్యూటర్ నేర్చుకున్నది ఆకును కాదు, చేతిని. పరీక్ష ఫోటోల్లోనూ తెగులు ఆకులన్నీ చేతుల్లోనే ఉండడంతో మాకు తెలియలేదు.

"నువ్వు ఆకు తెంపి తియ్యలేదా అక్కా?"

"పగలంత కూలికి పోతి. నేనొచ్చేసరికి పొద్దుగూకె. దీపాలు పెట్టే యాళ్ల చెట్టుకు ఆకు తెంపుతరా? అవ్వ మనకు చెప్పలే?"

చెప్పింది. నాకూ చెప్పింది. అక్కడ నిలబడితే నాకు ఏడుపు రాలేదు, సిగ్గూ వేయలేదు. ఆ ఆకును ఎక్కడ పడేయాలో తెలియక బస్సు ఎక్కేదాకా చేతిలోనే పట్టుకున్నాను.

తర్వాత భూపాలపల్లి వైపు, ఘనపూర్ చేలల్లో మళ్లీ ఫోటోలు తీశాం. తెగులు ఆకులను చెట్టు మీద, మంచి ఆకులను చేతిలో, ఎండలో, మసకలో. అక్క తీసిన మూడు ఫోటోలూ పంపమంటే పంపింది. వాటి పక్కన "ముడత" అని నేనే టైప్ చేశాను. ఇప్పుడు కంప్యూటర్ అలాంటివి సరిగ్గానే చెబుతోంది. సారు మెచ్చుకున్నాడు. ఈసారి మిఠాయి నేను తీసుకోలేదు.

అక్క ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. పిల్లల చదువు, అవ్వ మోకాళ్ల నొప్పి, అన్నీ చెబుతుంది. మొన్న, చేను ఎట్లుందని అడిగాను.

"గది మీ బావ సూసుకుంటుండు తియ్యి," అన్నది.

సరే అని నేను వేరే మాట ఎత్తాను.