ఐస్‌క్రీం పెట్టిన ఊరేగింపు

ఎన్నికలు దగ్గరపడితే మా మోరిస్‌విల్ వీధిలో రబ్బరు సుత్తుల చప్పుడు మొదలవుతుంది. ఇళ్ళ ముందు గడ్డిలో అభ్యర్థుల పేర్లున్న బోర్డులు పాతుతారు. వానకి తడిసిన ఎర్రమట్టిలోకి ఇనప చువ్వ దిగుతున్నప్పుడు లేచే పచ్చివాసన కిటికీలోంచి వంటింట్లోకి వస్తుంది. మొన్న ఆ వాసనకి, చేతిలో కాఫీ చల్లారేదాకా అలాగే నిలబడిపోయాను. ఇక్కడికి తూర్పున, పొగాకు గోదాముల మధ్య ఉన్న ఒక చిన్న ఊరు గుర్తొచ్చింది. ఆ ఊరి లైబ్రరీ, అందులో నాకు పై అధికారిగా ఉన్న మిస్ హేజెల్ గుర్తొచ్చారు.

డెబ్బైల చివర్లో మావారు రఘుకి ఆ ఊరి బట్టల మిల్లులో కెమిస్ట్ ఉద్యోగం దొరికింది. నేను వాల్తేరులో లైబ్రరీ సైన్సు చదివి ఉండటంతో అక్కడి కౌంటీ లైబ్రరీలో చేరాను. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. మిస్ హేజెల్‌కి అప్పటికే అరవై దాటాయి. పెళ్ళి చేసుకోలేదు. పొడుగ్గా, ఎముకలగూడులా ఉండేది. తెల్లావిడ, ఆ ఊళ్ళో పేరున్న కుటుంబం. సరళ అనే నా పేరు ఆవిడకి చివరిదాకా నోరు తిరగలేదు. తిరిగినట్టు నటించలేదు కూడా. మంచి మాట అరుదు, తప్పు పట్టడం ఎక్కువ. నన్నెప్పుడూ ఇంటికి పిలవలేదు. అయినా ఈ దేశాన్ని ఎలా చూడాలో నాకు నేర్పింది ఆవిడే.

ఒక శనివారం మధ్యాహ్నం, తెల్లజాతే పైన ఉండాలనే ముసుగు సంఘం వాళ్ళు మా లైబ్రరీకి ఎదురుగా ఉన్న కోర్టు వీధిలో ఊరేగింపు తీశారు. పోలీసుల అనుమతితోనే. నేను వాళ్ళని చూడటం అదే మొదటిసారి. తెల్ల అంగీలు, మొనదేలిన టోపీలు, కింద మామూలు మిల్లు బూట్లు. మిస్ హేజెల్ కిటికీ దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ నడక బట్టి పోల్చి చెప్పింది. అతను టైర్ల షాపు వాడు, ఆ కుంటేవాడు మంగలి, ఆ కుర్రాడికి లైబ్రరీ కార్డు తనే ఇచ్చింది.

"వీళ్ళకి మొహం చూపించే ధైర్యం లేదు. ఊళ్ళో వీళ్ళ మాట చెల్లదు కనకే ముసుగు," అంది. "నా చిన్నప్పుడు ఎవరూ మొహం కప్పుకోలేదు."

ఆ రోజు పుస్తకాలు సర్దుతూ మిగతాది చెప్పింది. ఆవిడ చిన్నపిల్లగా ఉన్నప్పుడు అదే వీధిలో అదే సంఘం ఊరేగింపు జరిగింది. ముందు వరసలో బ్యాంకు మేనేజరు, షెరీఫు, చర్చి పాస్టరు, జడ్జి, వాళ్ళతోపాటు ఆవిడ నాన్న. వాళ్ళమ్మ ఆయన అంగీని ఇస్త్రీ చేసి ఇచ్చింది. ఊరేగింపు అయ్యాక చర్చి వెనక పిక్నిక్. మర్నాడు ఆ పెద్దమనుషులే అంగీలు బీరువాలో పెట్టుకుని కౌంటీ బోర్డులో కూర్చుని, ఏ బడికి కప్పు వేయించాలో ఏ బడికి అక్కర్లేదో తేల్చేవారు. నల్లవాళ్ళ బడికి ఏళ్ళ తరబడి కప్పు పడలేదు.

"పిల్లలందరికీ ఐస్‌క్రీం పెట్టారు," అంది. "నేనూ తిన్నాను. చాలా బావుంది."

కొన్నాళ్ళకి ఊరు పుట్టి నూరేళ్ళయిందని ఉత్సవాలు తలపెట్టారు. లైబ్రరీ హాల్లో పాత ఫొటోలు పెట్టమని కౌంటీ కోరింది. మిల్లు ప్రారంభం, మొదటి రైలు, పొగాకు సంతల ఫొటోల మధ్య మిస్ హేజెల్ ఆ ఊరేగింపు ఫొటో కూడా తగిలించింది. అదేమీ రహస్యం కాదు. ఊళ్ళో చాలా ఇళ్ళలో ఆ ఫొటో ఉంది. దాని కింద పేర్లు రాసి ఎవరూ గోడకి పెట్టలేదు, అంతే. మొదటి పేరు వాళ్ళ నాన్నదే రాసింది.

తెల్లవాళ్ళు దాని ముందు ఆగకుండా వెళ్ళిపోయేవారు. మిస్టర్ ఓటిస్ అనే ముసలాయన మాత్రం టోపీ తీసి చాలాసేపు నిలబడ్డాడు. కప్పులేని ఆ బడిలో పాఠాలు చెప్పి రిటైరైన నల్లజాతి టీచర్ ఆయన.

"నేనూ ఆ రోజు అక్కడే ఉన్నాను, మా అమ్మ గౌను పట్టుకుని. ఫొటోలో మేం పడలేదు," అన్నాడు. తర్వాత ఆవిడ వైపు తిరిగి, "ఇది గోడకి పెట్టడానికి ఇన్నేళ్ళు పట్టిందా, మిస్ హేజెల్?" అని అడిగాడు.

"పట్టింది," అంది ఆవిడ.

అదే ఏడాది కౌంటీ బోర్డుకి ఎన్నికలొచ్చాయి. పోటీ చేసినవాళ్ళలో ఒక ఇన్సూరెన్స్ ఏజెంట్ ఉన్నాడు. అంతకు కొద్దికాలం ముందు దాకా ఆ ముసుగు సంఘానికి ఆ ప్రాంతంలో నాయకుడు. ఇప్పుడు రాజీనామా చేశానని, తనకి ఎవరి మీదా ద్వేషం లేదని, తన జాతిని ప్రేమిస్తానంతేనని చెప్పుకునేవాడు. నీలం సూటు వేసుకుని లైబ్రరీకొచ్చి, ఎంతో మర్యాదగా, కనీసం ఆ పేర్లయినా తీసేయమని అడిగాడు. కుటుంబాలు నొచ్చుకుంటున్నాయన్నాడు. మిస్ హేజెల్ కుదరదంది. పోతూ పోతూ నా బల్ల దగ్గర ఆగి, మీ ఇండియన్స్ కష్టపడి పనిచేస్తారు, మీరు మిగతావాళ్ళలా కాదు అని మెచ్చుకున్నాడు. నేను థాంక్యూ అన్నాను.

ఇంటికెళ్ళి చెబితే రఘు సంతోషించారు. "మనల్ని పొగిడాడుగా? ఆ ఫొటో గొడవలో నువ్వు తల దూర్చకు సరళా. సిటిజన్‌షిప్ అప్లై చేయబోతున్నాం. వాళ్ళూ వాళ్ళూ చూసుకుంటారు," అన్నారు.

మర్నాడు మిస్ హేజెల్ మాత్రం, "ఈసారి అలా అంటే, ఎవరిలా కాదు అని అడుగు. పేరు పెట్టి చెప్పమను," అంది.

ఆ ఏజెంట్ ఓడిపోయాడు. ఊరంతా ఊపిరి పీల్చుకుంది. చర్చిలో పాస్టరు దేవుడికి కృతజ్ఞతలు చెప్పాడు. గెలిచినాయన ఇనప సామాన్ల దుకాణం యజమాని. నెమ్మదస్తుడు, మా లైబ్రరీకి వచ్చి యుద్ధం పుస్తకాలు తీసుకెళ్ళేవాడు. మిస్ హేజెల్ ఒక్కతే ముఖం ముడుచుకుని తిరిగింది. ఎందుకని అడిగితే, ప్రచారం ఆఖరి రోజుల్లో ఆయన ఏం మాట్లాడాడో వినలేదా అంది. విన్నాను. పని చేయని వాళ్ళకి మన పన్నులెందుకు, మన వీధుల్లోని బడులు మన పిల్లలకే అన్నాడు. ఏజెంట్ ఊరూరా తిరిగి చెప్పిన మాటలే అవి. ఈయన నోట వింటే ఎవరికీ తప్పనిపించలేదు.

కొత్త బోర్డు మొదటి బడ్జెట్‌లోనే నల్లవాళ్ళ పేటలో ఉన్న మా చిన్న లైబ్రరీ శాఖని మూసేసింది. హాలుకి రంగులేయాలని ఫొటోలన్నీ దింపించారు. రంగులేశాక మిల్లు, రైలు, పొగాకు సంతలు తిరిగి గోడకెక్కాయి. మిస్ హేజెల్‌ని విశ్రాంతి తీసుకోమన్నారు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. కేకు కోయించి, వెండి పళ్ళెం చేతిలో పెట్టి పంపించారు.

ఆవిడ స్థానం నాకిస్తామని దుకాణం ఆయన కబురు చేశాడు. వెళ్ళి కలిస్తే, మీరు ఆ కుర్చీలో ఉంటే మా కౌంటీని ఎవరూ వేలెత్తి చూపలేరు అన్నాడు, ఎంతో ప్రేమగా. మూసేసిన శాఖని తెరుస్తారా అని అడిగాను. బడ్జెట్ లేదన్నాడు. నాకు వద్దని చెప్పి వచ్చేశాను. రఘు చాలా రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

మిస్ హేజెల్ మెచ్చుకుంటుందనుకుని వెళ్ళి చెప్పాను. వరండాలో బీన్స్ కాయలు వలుస్తోంది. చేతులాపలేదు.

"ఇప్పుడు వాళ్ళ మనిషిని తెచ్చి పెట్టుకుంటారు. నీకు సుఖంగా నిద్ర పడుతుంది, ఆ పేట పిల్లలకి పుస్తకాలుండవు," అంది.

ఆవిడ చెప్పినట్టే జరిగింది. నేనక్కడ ఉంటే ఏమైనా ఆపగలిగేదాన్నా? దుకాణం ఆయన ముఖం గుర్తొచ్చినప్పుడల్లా లేదనే అనిపిస్తుంది. మేం రాష్ట్ర రాజధాని రాలీ వైపు వచ్చేశాం. ఎనభైలు ముగిసేలోగా ఆ ఏజెంట్ మాటలు రాష్ట్ర శాసనసభలో కూడా వినిపించాయి, అతను ఒక్క ఎన్నికా గెలవకుండానే.

మిస్ హేజెల్ పోయినప్పుడు అంత్యక్రియలకి వెళ్ళాను. పాస్టరు మాట్లాడిందంతా ఆవిడ నాన్న గురించే. ఊరిని నిలబెట్టిన మహానుభావుడి కూతురు అన్నాడు. లైబ్రరీ గురించి ఒక్క వాక్యం. ఫొటో ఊసే లేదు. వెనక బెంచీలో ఒంటరిగా కూర్చున్న మిస్టర్ ఓటిస్, అది విని లేచి బయటికి నడిచాడు. నేనూ ఆయన వెనకే వచ్చేశాను. ఇద్దరం కారు దగ్గర ఆగాం.

"మెత్తటి మనిషి కాదు," అన్నాడాయన.

"కాదు," అన్నాను.

ఇప్పటికీ ఎన్నికల ఫలితాలొచ్చే రోజు మా పిల్లలు టీవీ ముందు చేరతారు. తమకి నచ్చనివాడు ఓడిపోతే చప్పట్లు కొట్టి, అమ్మా, నువ్వెందుకు నవ్వవు అని అడుగుతారు. ఉండండి అని చేయి చూపిస్తాను. గెలిచినవాడు ఇంకా మాట్లాడుతూనే ఉంటాడు. అవి ఎవరి మాటలో నేను పోల్చుకోవాలి.