రెండో గొంతు కోసం కొన్న ఆంప్లిఫయర్

చోడవరంలో ఆంప్లిఫయర్ అంటే మైక్‌సెట్‌వాళ్లు ఇద్దరు పట్టి మోసుకొచ్చే పెద్ద పెట్టె. మా తమ్ముడిది ఆ వ్యాపారమే. పెళ్లికైనా, మీటింగుకైనా, మా చర్చి పండగలకైనా బాక్సులు వాడివే. కంప్యూటర్లో పాటలు వినడానికి ఆంప్లిఫయర్ నేనే ఎంచుకుంటానంటే వాడికి నవ్వొచ్చింది.

"గేస్ స్టవ్ కొన్నంత తేలికనుకున్నావేటి? నేను తెచ్చి పెడతాను, ఉండక్కా" అన్నాడు.

ఉండలేదు. నా అవసరం వాడికి చెప్పుకునేది కాదు. ఈస్టరుకి మా చర్చిలో పాడే క్వయర్ పాట ఒకటి రికార్డు చేశారు. మూడో చరణంలో శ్రుతి జారింది. జారింది సెకండ్ వాయిసే అని మొదటి వరుస ఆడవాళ్లు తేల్చేశారు. మైకుల దగ్గర కూర్చున్న మా తమ్ముడూ తలూపాడు. సెకండ్ వాయిస్ అంటే మేం నలుగురం. మొదటి వరుస పాడే రాగానికి కింద ఇంకో రాగం పట్టుకుని నిలబడేవాళ్లం. ఇరవై ఏళ్లుగా పాడుతున్న నాకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఫోన్లో విన్నాను, కంప్యూటర్లో విన్నాను. వాటిలో అసలు మా గొంతులే లేవు, ఇక తప్పెవరిదో ఎలా తెలుస్తుంది? పైగా కంప్యూటర్‌కి స్పీకర్లు తగిలిస్తే, మౌస్ కదిపినప్పుడల్లా జీమని ఒక రొద.

ఆ రొద పోవాలంటే డిజిటల్ కన్వర్టర్ కావాలని చదివి తెలుసుకున్నాను. కంప్యూటర్లో పాట అంకెలుగా ఉంటుంది. దాన్ని ఆంప్లిఫయర్‌కి అందే కరెంటుగా మార్చే పని ఈ చిన్న పెట్టె, కంప్యూటర్ లోపలి రొద అంటకుండా, బయటే ఉండి చేస్తుంది. కొనడానికి వైజాగ్ వెళ్తే, షాపాయన బేస్ దద్దరిల్లే సినిమా పాట పెట్టబోయాడు. వద్దని, పెన్‌డ్రైవ్ తీసి మా పాట మొదటి చరణం వేయించాను. మూడు ఆంప్లిఫయర్లు, రెండు కన్వర్టర్లు మార్చి మార్చి అదే చరణం. ఆయన ముఖం మాడిపోయింది, నేను పట్టించుకోలేదు. మా నలుగురి గొంతులూ వేరువేరుగా లెక్కపెట్టగలిగిన జత దొరికాకే లేచాను. మూడో చరణం మాత్రం అక్కడ వినలేదు. తప్పు నిజంగా మాదే అయితే? భయమేసింది.

ఇంట్లో బిగించేసరికి తమ్ముడు తన పెట్టెతో దిగాడు.

"ఏటక్కా ఇది, సబ్బుపెట్టెంత లేదు! ముందు నాది సూడు."

నా స్పీకర్లకే వాడి ఆంప్లిఫయర్ తగిలించి, పాట పెట్టి, బేస్ తిప్పాడు. స్టాండులో స్టీలు గ్లాసులు గలగలలాడాయి. "అదీ సౌండంటే!" అన్నాడు. గ్లాసులు అదరకపోతే వాడి లెక్కలో పాట మొదలవనట్టే. మా గొంతులు ఆ బేస్ కింద ఎక్కడో ఉన్నాయి.

"ఇప్పుడు నాది. నోరు మూసుకుని ఇను" అన్నాను.

గ్లాసులు కదల్లేదు. మొదటి చరణానికి వాడు గోడకి చేరగిలబడ్డాడు. రెండో చరణానికి "నీ గొంతు ఇనిపిస్తందక్కా" అన్నాడు. మూడోది వస్తుంటే స్పీకర్ల దగ్గరికి జరిగి కూర్చున్నాను. పాటకి వాయించిన కీబోర్డు శ్రుతి తిన్నగా వెళ్తోంది. దానితోబాటే మేం నలుగురం, వెంట్రుకవాసి కూడా తప్పలేదు. జారింది మొదటి వరుస. అందరూ కలిసికట్టుగా జారారు. నాకు లేచి గట్టిగా చప్పట్లు కొట్టాలనిపించింది.

తమ్ముడు మళ్లీ వెయ్యమన్నాడు. ఎంత గ్లాసుల మనిషైనా వాడికి చెవి ఉంది.

"తప్పయిపోయిందక్కా. మీరు జారలేదు. ఆళ్లకి నేను సెప్తాను."

"నువ్వేటీ సెప్పక్కర్లేదు" అన్నాను.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక మొదటి వరుసవాళ్లందరినీ మా ఇంటికి టీకి పిలిచాను. పాట వేశాను. మొదటి చరణం విని ఎంత బాగుందో అని మురిసిపోయారు. మూడో చరణం దగ్గర కప్పులు చేతుల్లోనే ఆగిపోయాయి. ఎవరూ ఎవరి వంకా చూడలేదు. నాకు కొంచెం జాలేసింది, అయినా వాల్యూం తగ్గించలేదు.