సమ్మయ్య అన్న చేతిలో పెట్టిన డాబా

“బెల్టు మార్చినవా?” అని సమ్మయ్య అన్న అడిగాడు.

“పొద్దుగాలనే మార్చిన. ముందు నువ్వు జావ తాగు,” అన్నాను.

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు అవే. దవాఖాన మంచం మీద రెండు గుక్కలు తాగి కళ్ళు మూసుకున్నాడు. నేను డ్యూటీకి వచ్చేశాను. మర్నాడు అన్న పోయాడని కబురు వచ్చింది. పెద్ద మాటలేవీ మేము చెప్పుకోలేదు. ఇవాళ మళ్ళీ మిషన్‌కు కొత్త బెల్టు వేశాను. సబ్బు పెట్టి రెండుసార్లు కడిగినా రబ్బరు వాసన వేళ్ళను వదల్లేదు. అన్నం ముద్ద నోటి దగ్గరకు తెచ్చేసరికి ఆ వాసనతో పాటు అన్న కూడా వచ్చి ఎదురుగా కూర్చున్నట్టయింది. అందుకే మా చెల్లెలి బిడ్డ రమ్యను కూర్చోబెట్టి ఇది రాయిస్తున్నాను. నాకు సంతకం వరకే వచ్చు, అదీ వంకరగా.

మాది తొర్రూరు అవతల పల్లె. మా ఆయన పోయాక పత్తి చేను కౌలుకిచ్చి కాశిబుగ్గలో చెల్లెలి పక్కన ఒక గది తీసుకున్నాను. హనుమకొండలో మూడంతస్తుల బట్టల షాపులో ఊడ్చే పని దొరికింది. ఆ షాపు డాబా మీద గదంత ఏసీ మిషన్ ఉంటుంది. కింది వేడినంతా గుంజి ఆకాశంలోకి వదిలేసి, చల్లటి గాలిని రేకు గొట్టాల్లోంచి మూడంతస్తులకూ పంపేది అదే. దాని ఆపరేటర్ సమ్మయ్య అన్న. సన్నటి మనిషి, చెవి వెనక ఎప్పుడూ ఒక టెస్టర్. మొదటి కొన్ని నెలలు మా మధ్య మాటల్లేవు. నేను ఊడ్చి దిగిపోయేదాన్ని, ఆయన ఎక్కి వచ్చేవాడు.

మమ్మల్ని కలిపింది మిరపకాయలు. ఏడాదికి సరిపడా కారం కొట్టించుకుందామని ఊరి నుంచి కాయలు తెచ్చుకున్నాను. నా గదికి ఎండ తగలదు. డాబా మీద కావలసినంత ఎండ ఉంది కదా అని పాత చీర పరిచి ఆరబోశాను. నాలుగో రోజుకు గలగలా ఎండాయి. మిషన్ పక్కన జాలీ కిటికీ ముందు నీడ చూసుకుని కూర్చుని, తొడిమలు తీసి చాటలో పోసి చెరగడం మొదలుపెట్టాను. ఎండాకాలం పెళ్ళిళ్ళ రోజులు. కింద పట్టుచీరల దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. కాసేపటికి మొదటి అంతస్తులో ఒకరు దగ్గారు, తర్వాత ఇద్దరు, తర్వాత పెళ్ళికూతురుతో సహా అందరూ. షాపు యజమాని సేటు తుమ్ములు ఆపుకోలేక గల్లా పెట్టె వదిలి రోడ్డు మీదికి ఉరికాడట. సమ్మయ్య అన్న రొప్పుతూ పైకొచ్చాడు. నన్ను చూశాడు, చాటను చూశాడు, జాలీని చూశాడు. ఇక ఉద్యోగం పోయిందనుకున్నాను. ఆయన గోడకు చేరగిలబడి, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

“మూడంతస్తులకు ఒక్కసారే పోపు పెట్టినవ్ గదనే కొమురమ్మా!”

“నేనీడ ఓ మూలకు కూసున్ననన్నా. కిందికెట్ల పోయింది?”

ఆయన నవ్వు ఆగిపోయింది. “ఏమన్నవ్?”

“కిందికెట్ల పోయిందంటాన.”

“గిన్నేండ్లల గా మాట అడిగినోళ్ళు ఈ షాపుల ఒక్కళ్ళు లేరు. చల్లగ లేదంటరు, మస్తు చల్లగున్నదంటరు. గాలి ఎట్లొత్తాందని అడగరు. ఇటు రా.”

మిషన్ కూడా మనిషిలాగే బయటి గాలి కొంచెం పీలుస్తుందని, ఆ జాలీయే దాని ముక్కని చూపించాడు. నేను దాని ముక్కులోనే కారం చెరిగాను. సేటు పైకొచ్చి అరిస్తే, “ఫిల్టర్ల దుమ్ము పట్టింది సేటూ, నాదే తప్పు,” అని తన మీద వేసుకున్నాడు. ఆ సాయంత్రం నా చేత ఫిల్టర్లన్నీ కడిగించాడు. అది శిక్ష అనుకున్నాను. మొదటి పాఠమని తర్వాత తెలిసింది.

అక్షరాలు రాని మనిషికి మిషన్ ఎలా నేర్పుతారు? అన్న దానికో దారి వెతికాడు. మిషన్ లోపలి ఒత్తిడి చూపే గుండ్రటి గేజీల మీద గోళ్ళ రంగుతో బొట్లు పెట్టాడు. పెద్ద గేజీ ముల్లు ఈ రెండు బొట్ల నడుమ ఉండాలి, చిన్నదాని ముల్లు ఆ రెండింటి నడుమ. అంకెలతో పని లేదు. మెయిన్ ఆపి, తాళం వేసి, చెవి నా నడుముకు దోపుకున్నాకే మిషన్ తలుపు తెరవనిచ్చేవాడు. బయటి వైపు జల్లెడలాంటి రేకుల్లో దుమ్ము, పత్తి నుసి ఇరుక్కుంటే నీళ్ళు మెల్లగా కొట్టడం, వంగిన రేకులను సన్న పళ్ళ దువ్వెనతో నిలబెట్టడం నేర్పాడు. “తల సిక్కు దీసినట్టు తియ్యి, పీకకు,” అనేవాడు. చేనులో పత్తి ఏరిన చేతులతోనే మిషన్‌లోంచి పత్తి ఏరుతున్నానని నాకు నవ్వొచ్చేది. ఇక రోజూ పొద్దున్నే చేయాల్సిన పని ఒకటుంది. పై ఫ్యాను జాలీ మీద కాగితం ముక్క వదలాలి. అది గాలికి పైకి ఎగిరిపోయేది.

“రోజూ ఎగురుతనే ఉన్నది గదన్నా, ఎన్నొద్దులు సూడాలె?”

“ఎగరని రోజు తెల్వాలంటే రోజు సూడాలె.”

కింద సేల్స్‌మెన్లు ఊరుకుంటారా? “కొమురమ్మక్క ఇంజనీరైతాందట, ఇగ చీపురుకు గూడ స్విచ్చి పెడ్తదట,” అని ఆటపట్టించేవారు. “పెడ్త. ముందు నీ నోటికి పెడ్త,” అనేదాన్ని. పైకి అలా అన్నా, లోపల ఆ డాబా పని నాదైతే బాగుండునన్న ఆశ పుట్టింది. మా ఆయన పోయాక నేను ఏదైనా కోరుకున్నది అదే మొదటిసారి.

తర్వాతి వేసవికి అన్న గుండెకు ఆపరేషన్ అన్నారు. పోయే ముందు సేటు దగ్గరికి నన్ను తీసుకుపోయి, “డాబా మీది పని ఈమెకియ్యి సేటూ,” అన్నాడు. సేటు ముఖం చిట్లించాడు. “సదువు రాదు, ఆడమనిషి. నువ్వొచ్చెదాంక సూస్కొమ్మను. ఒక్క తేడా వచ్చిందనుకో, మిషన్ కంపెనీకి అప్పజెప్పుత, ఈమె చీపురు ఈమెకే.” ఆ మాట కాగితం మీద రాసుకోలేదు గానీ, రోజూ మెట్లెక్కుతుంటే వినిపించేది.

తేడా వచ్చింది. షాపు వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ మారుస్తామని ఆదివారమంతా కరెంటు తీశారు. సోమవారం షాపు తెరిచి మిషన్ వేస్తే ఎన్నడూ లేనంత మోత పెట్టింది. కిందికి చల్లగాలి లేదు. లిఫ్టు కూడా కదలనన్నది. నేను మిషన్ ఆపేశాను. సేటు కంపెనీ ఇంజనీరుకు ఫోన్ చేశాడు. ఆయన వచ్చి మిషన్ వేయించి, గేజీలు చూశాడు. రెండు ముళ్ళూ ఎక్కడివక్కడే ఉన్నాయి, బొట్ల దగ్గరికి పోవడమే లేదు. “కంప్రెసర్ పోయింది. హైదరాబాద్ నుంచి రావాలె, వారం పడుతది,” అన్నాడు. పెళ్ళిళ్ళ వారం! సేటు నా వైపు తిరిగి, “ఏం జేసినవ్?” అన్నాడు. ఏం చేయాలో తోచక, రోజూ చేసే పనే చేశాను. కాగితం ముక్క తిరుగుతున్న ఫ్యాను మీద వదిలాను. అది ఎగరలేదు. జాలీకి అతుక్కుపోయింది.

అప్పుడు నాకు మా చేను గుర్తొచ్చింది. ఊళ్ళో లైను మార్చిన మర్నాడు బోరు మోటార్లు మోత పెట్టేవి, నీళ్ళు పోసేవి కావు. ఉల్టా తిరిగేవి. మా ఆయన తిట్టుకుంటూ ఫ్యూజులు పీకి, స్టార్టర్ దగ్గర రెండు వైర్లు అటుది ఇటు, ఇటుది అటు మార్చేవాడు.

“సారూ, మిషన్ ఉల్టా తిరుగుతాంది,” అన్నాను.

“అమ్మా, గేజీలు సూసే చెప్తాన. మీరు జర పక్కకుండుండ్రి.”

“గేజీ సూసినవ్. గాలి సూసినవా? చెయ్యి పెట్టు. గాలి నీ చేతిని ఎత్తాలె, గుంజుతాంది.”

ఆయన నవ్వుతూనే ఫ్యాను జాలీ మీద అరచెయ్యి చాపాడు. నవ్వు పోయింది. రెండో చెయ్యి కూడా చాపాడు.

“నిన్న కొత్త ట్రాన్స్‌ఫార్మర్ పెట్టిండ్రు. లిఫ్టు గూడ గప్పటిసందే బందయింది,” అన్నాను. “రెండిటికి ఒకటే రోగం. మెయిన్ కాడ రెండు వైర్లు మార్చిపియ్యి.”

ఆ ఇంజనీరు మంచోడు. వాదించలేదు. “కరెంటు ఫేజు వైర్లు అటుదిటు మారినయ్ సేటూ. ఈమె చెప్పిందే నిజం,” అన్నాడు. కరెంటు తీయించి, షాపు ఎలక్ట్రీషియన్ చేత వైర్లు మార్పించాడు. మిషన్ వేశాం. కొత్త కాగితం వదిలితే పిట్టలాగా లేచి పక్క బిల్డింగు మీద పడింది. ముళ్ళు రెండూ కదిలి దేని బొట్ల నడుమ అది నిలబడింది. కింద లిఫ్టు కదిలిందని ఎవరో కేక వేశారు. సేల్స్‌మెన్లు చప్పట్లు కొట్టారు. సేటు డాబా తాళం చెవి నా చేతిలో పెట్టి, “రేపటిసంది ఊడ్వనీకి వేరేటోళ్ళను చూడుమంట,” అన్నాడు.

ఆ సాయంత్రమే అన్న ఇంటికి పోయి చెప్పాను. కుట్ల మీద చెయ్యి అదిమి పట్టుకుని నవ్వాడు. ఉన్నట్టుండి ఆగి, “గా ఫేజుల ముచ్చట నీకు నేను నేర్పలే గదా?” అన్నాడు.

“నేర్పలే. అది మా చేను కాడిది.”

“మంచిగైంది,” అన్నాడు. “ఇగ నాకు పైకెక్కే పనిలేదు.” ఆ మాట ఎంత గర్వంగా అన్నాడో! తానే గెలిచినట్టు భార్యను పిలిచి చాయ్ పెట్టించాడు. నిజంగానే మళ్ళీ డ్యూటీకి రాలేదు. మరో ఏడాది బతికాడు. వారానికోసారి పోయి మిషన్ ముచ్చట్లు చెప్పి వచ్చేదాన్ని.

ఇప్పుడు డాబా తలుపు మీద నా పేరుంది. అంతవరకు చదవగలను. ఎక్కడికి పోయినా గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోతోందో చూస్తాను. పెళ్ళి హాల్లోనూ అంతే, ములుగు బస్సులోనూ అంతే. తెలియనిది తెలియదని చెప్పి అడుగుతాను, బ్యాంకులోనైనా, ఎంత పెద్ద సారునైనా. ముందు భయపడేదాన్ని. ఆ భయం తీసేసినవాడు మా సమ్మయ్య అన్న.

ఇగ చాలు రమ్యా. రాసిందంత మొదటిసంది సదువు, నేను వింట. గా ఇంజనీరు చెయ్యి పెట్టినకాడ ఉరకకు బిడ్డా, జర నిమ్మళంగ సదువు.