జైనబ్ టీచర్ ఉప్పులేని గుడ్డు

వేడి గుడ్డు మీద నిమ్మకాయ పిండగానే లేచే పుల్లటి ఆవిరి తగిలితే చాలు, నాకు జైనబ్ టీచర్ గుర్తొస్తారు. పోయిన నెల డాక్టర్ నాకూ బీపీ ఉందని తేల్చి ఉప్పు తగ్గించమన్నాడు. అప్పటినుంచి వేటపాలెంలో మా వంటింట్లో రోజూ పొద్దున్నే ఉల్లిపాయ, టమాటా, గుప్పెడు మునగాకు చెంచాడు నూనెలో మగ్గించి, రెండు గుడ్లు కొట్టిపోసి, మిరియాల పొడి చల్లుకుంటున్నాను. వండటం ఎంతోసేపు పట్టదు. తినడం ఇంకా త్వరగా అయిపోతుంది, ఎదురుగా మాట్లాడేవాళ్ళు లేరు కదా.

ఉద్యోగం వచ్చిన కొత్తలో నల్లపాడులో ఆవిడ ఇంటి మేడమీద గదిలో అద్దెకుండేదాన్ని. ఆవిడే మా బడి హెడ్మిస్ట్రెస్. భర్త చిన్నవయసులోనే పోయారు, పిల్లలు లేరు. బడిలో నోరు తెరిస్తే ఊరవతల మిరప కళ్ళాల దాకా వినిపించే మనిషి, ఇంటికొచ్చాక మాట్లాడటానికి ఎవరూ లేక ఊరుకునేవారు. ఆ నిశ్శబ్దం నాకు మేడమీదికి కూడా తెలిసేది. నేను బిస్కెట్లతో పూట గడుపుతున్నానని పసిగట్టి ఒకరోజు కిందికి పిలిచారు.

“ఏమ్మా పద్మా, రెండు బిస్కెట్లు తిని ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్తావా? గొంతు లేస్తుందా అసలు? కూర్చో.”

ఆవిడ పెట్టిన మునగాకు గుడ్డు మొదటి ముద్దకే నా మొహం మారిపోయింది. “ఉప్పు మర్చిపోయారండీ.”

“మర్చిపోలేదు, మానేశాను. బీపీ. నిమ్మకాయ పిండుకుని నిదానంగా నములు. మునగాకు రుచేంటో ఎప్పుడైనా తెలిసిందా నీకు?”

“మీ ఉప్పు తిన్నానని చెప్పుకునే భాగ్యం కూడా లేకుండా చేశారు” అన్నాను. ఆవిడ నవ్వీ నవ్వీ పొలమారి మంచినీళ్ళు తాగారు. మర్నాటి నుంచి ఇద్దరం కలిసే తినేవాళ్ళం.

ఆ ఉప్పు మానడం సంగతేమిటో పండుమిరపకాయల రోజులొచ్చాక గానీ నాకు తెలియలేదు. మా వైపు ఆ రోజుల్లో ఇల్లిల్లూ పచ్చడి పెడుతుంది. పిల్లల తల్లులు తలా ఒక చిన్న సీసా టీచరుగారికని తెచ్చిచ్చి, గుమ్మంలో నిలబడి కాసేపు కబుర్లు చెప్పి వెళ్ళేవారు. ఆవిడ ఉప్పులేని గుడ్డు పక్కన ప్రతి సీసాలోంచీ ఇంత తీసి పెట్టుకుని తినేవారు. డబ్బాలో ఉన్నదే ఉప్పు, పచ్చడిలో ఉన్నది పచ్చడి. మా గుంటూరు వాళ్ళ లెక్కే అంత!

“ఇదేంటండీ?” అని అడిగితే కోప్పడ్డారు. “రుచి చూడకుండా బాగుందని అబద్ధం చెప్పమంటావా? రేపు ఆ తల్లి ఎదురుపడితే ఏమనాలి?”

కొన్నాళ్ళకు బడిలో ప్రార్థన జరుగుతుండగానే కళ్ళు తిరిగి పడిపోయారు. ఆసుపత్రిలో ఉప్పు ముట్టడం లేదని గర్వంగా చెబుతుంటే, పచ్చళ్ళ సంగతి నేనే బయటపెట్టాను. డాక్టర్ తల పట్టుకున్నాడు. ఇలాగే తింటే పక్షవాతం తప్పదన్నాడు. ఆవిడ సరేనని తలూపారు.

ఆవిడ సరే అంటే సరే. ఆ తర్వాత సీసాతో వచ్చిన ప్రతి తల్లినీ గుమ్మంలోనే ఆపేశారు. “డాక్టరు వద్దన్నాడమ్మా. తీసుకెళ్ళు.” వాళ్ళు సీసా కొంగు కింద పెట్టుకుని వెనక్కి తిరిగేవారు. మరుసటి ఏడాది ఎవరూ రాలేదు.

“బీపీ తగ్గింది పద్మా” అన్నారు ఒకరోజు ఉల్లిపాయ తరుగుతూ. “తలుపు చప్పుడు కూడా తగ్గింది.”

తరిగిన ముక్కలు నూనెలో వేస్తూ మళ్ళీ అన్నారు. “పచ్చడి వద్దన్నందుకు నాకేం బాధలేదు. కూర్చోమనలేదు, చూడు. అదే తప్పు.”

ఆ తప్పు దిద్దుకోవాలని తాపత్రయపడ్డారు. మీ అమ్మల్ని ఊరికే మా ఇంటికి రమ్మనండని పిల్లలకు చెప్పారు. ధనలక్ష్మి అనే ఒక్క తల్లి మాత్రం వచ్చింది, అదీ కంగారుగా. “మా పిల్ల ఏం చేసిందండీ?” అంటూ. కూర్చోబెట్టి గుడ్డు పెట్టారు. ధనలక్ష్మి ఓ ముద్ద తిని, “జ్వరమొచ్చినోళ్ళ పథ్యంలాగుందండీ టీచరుగారూ” అనేసింది. ముగ్గురం పగలబడి నవ్వాం. తన చేలో మిరపకు పట్టిన తెగులు గురించి చెప్పుకుని, కూలీలు వచ్చే వేళైందని లేచింది. మళ్ళీ రాలేదు. “పనులుంటాయిలే వాళ్ళకి” అన్నారు టీచర్, ఆమె తిన్న పళ్ళెం తీస్తూ.

నాకు బదిలీ అయ్యాక ఆవిడ చాలా ఏళ్ళు బతికారు. మళ్ళీ ఎప్పుడూ పచ్చడి ముట్టలేదు. ఫోన్ చేస్తే ఆరోగ్యం భేషుగ్గా ఉందనేవారు. “ఇవాళ ఎవరితో తిన్నారు?” అని అడగాలని ప్రతిసారీ అనిపించేది, అడిగితే ఏం చెబుతారో తెలుసు కనుక అడగలేకపోయేదాన్ని. రెండేళ్ళ క్రితం నిద్రలోనే పోయారు. పక్షవాతం రాలేదు. డాక్టర్ మాట నెగ్గింది.

ఇప్పుడు ఎవరు ఏది పట్టుకుని నా దగ్గరకొచ్చినా, వద్దనేముందు కూర్చోమంటాను. ప్రసాదం తెచ్చిన పక్కింటావిడనైనా, గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయినైనా. ఎక్కువమంది పనుందంటూ నిలబడే వెళ్ళిపోతారు. అయినా ఆ ఒక్కమాట అనకుండా ఎవర్నీ పంపలేను.