పెత్రమాస దాటినంక వస్తది

మొన్న బోనాల సెలవునాడు వికారాబాదులో మా తమ్ముడింటికి వెళ్ళేసరికి, మా మేనకోడలు బల్ల నిండా ల్యాప్‌టాప్, ఫోను, సగం కొరికిన మిరపకాయ బజ్జీ పరుచుకుని, ఎవరో తన ఆస్తి రాయించుకుపోయినంత కోపంగా కూర్చుని ఉంది. హైదరాబాదులో ఇంజనీరింగ్ చదువుతున్న ఆ పిల్లకు వచ్చే సెమిస్టరు యూరప్‌లో ఒక యూనివర్సిటీలో చదివే అవకాశం వచ్చింది. అక్కడ తీసుకునే కోర్సులు ఇక్కడి కోర్సులతో సరితూగాలి, రెండు చోట్లా ఒప్పుకోవాలి, ఆ తర్వాత వీసా, టికెట్టు, ఉండడానికి గది. ఆమె కోపమల్లా ఒక కోర్సు తరగతి ఇంకో కోర్సు తరగతి వేళకే పడిందని, మార్చమని మెయిల్ పెడితే జవాబు రాలేదని.

"పొద్దుగాల సంది ఒక్క రిప్లై రాలె అత్తమ్మా, గిట్లయితే నేనెట్ల పోవాలె?" అంది.

వాళ్ళకు ఇంకా సరిగా తెల్లవారి ఉండదే అనుకున్నాను. మా తమ్ముడు పేపరు చదువుకుంటున్నాడు, మరదలు వంటింట్లో ఉంది. వాళ్ళిద్దరికీ కూతురు ఏ దేశం పోతోందో తెలుసు కానీ ఏం చదవబోతోందో నాకు తెలిసినంత కూడా తెలియదు. ఆ పిల్ల చెప్పలేదు, వాళ్ళు అడగలేదు. నాకు మాత్రం పొద్దుటి నుంచి రాని జవాబు గురించి ఆమె పడే అవస్థ చూస్తుంటే నవ్వు రావలసింది పోయి ఒళ్ళు మండింది. ఆ మంట ఆమె మీద కాదని మీబోటి నా ఈడు వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

నాకూ ఒక సెమిస్టరు ఉండేది.

మాది తాండూరు. నాన్న బండల ఫ్యాక్టరీలో గుమాస్తా, కాబట్టి నాకు ఊహ తెలిసినప్పటి నుంచి రాయి అంటే నేల మీద పడుకుని ఉండేది, గనిలోంచి పలకలు పలకలుగా లేచి, కోసి, పాలిష్ పట్టి లారీ ఎక్కేది. ఎమ్మెస్సీలో జియాలజీ తీసుకున్నాక, అదే రాయి కొన్ని దేశాల్లో మడతలు పడి ఆకాశంలోకి లేచి నిలబడుతుందని పుస్తకంలో బొమ్మ చూసి నాకు నిద్ర పట్టలేదు. అనంతగిరి గుట్టలే మాకు తెలిసిన పెద్ద కొండలు, అవి కూడా బస్సు ఒక్క ఊపులో ఎక్కేసేవే. అటువంటి నాకు, మా సారుకు జర్మనీలో ఉన్న ఒక ప్రొఫెసరు స్నేహం వల్ల, అక్కడ ఒక సెమిస్టరు చదివే చోటు ఒకటే ఒకటి వచ్చింది. సారు మరుసటి ఏడాది రిటైర్ అవుతున్నారు, ఆ స్నేహంతో పాటే ఆ అవకాశమూ పోతుందని అందరికీ తెలుసు. అంటే వెళ్తే ఆ ఏడే వెళ్ళాలి, లేకపోతే ఇక లేదు.

కోర్సులు ఎంచుకోవడమే ఒక పురాణం. అక్కడి నుంచి కోర్సుల జాబితా పోస్టులో రావడానికి ఒక నెల. నేను ముచ్చటపడి టిక్కులు పెట్టి సారుకిస్తే, అవి మన సిలబస్‌తో కలవవని ఇక్కడి ఆఫీసు వాళ్ళు తిప్పి పంపారు. కలిసేవి ఏరి మళ్ళీ పంపితే, అందులో ఒకటి ఎండాకాలమే చెబుతామని, ఇంకొకటి జర్మన్ భాషలోనే చెబుతామని అటు నుంచి జవాబు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడన్నట్టు, జర్మనీ వాడు సరేనన్నదానికి మా యూనివర్సిటీ గుమాస్తా సరే అనడు, మా గుమాస్తా సరేనన్నది అక్కడ ఉండదు. మార్చుకోగా మార్చుకోగా చివరికి మిగిలినవాటిలో నేను మొదట కోరుకున్నది ఒక్కటే, కొండల్లో తిరుగుతూ రాళ్ళను చూసే ఫీల్డ్ కోర్సు. సెమిస్టరు మొదలవకముందే అది జరిగిపోతుంది, అది చేయనివాళ్ళను మిగతా కోర్సుల్లోకి రానివ్వరు. నాకు కావలసింది అదే కాబట్టి ఆ షరతు చూసి సంబరపడ్డాను.

పోస్టుతో పని కాదని తేలాక ఫ్యాక్స్ కావలసి వచ్చింది. యూనివర్సిటీ ఆఫీసుకు వచ్చిన ఫ్యాక్స్ మా డిపార్ట్‌మెంటు మెట్లు ఎక్కేసరికి వారం పడుతుంది, తాండూరులో అప్పటికి ఫ్యాక్స్ నాకు తెలిసి లేదు. వికారాబాదు స్టేషను ఎదుట మా మేనమామ బట్టల దుకాణం, దాని పక్కనే కొత్తగా ఫ్యాక్స్ పెట్టిన ఎస్టీడీ బూత్. ఆ నంబరే జర్మనీకి ఇచ్చాను. నేను రోజూ తాండూరు నుంచి హైదరాబాదుకు ప్యాసింజర్ బండిలో పోయి వచ్చేదాన్ని కాబట్టి, వచ్చిన కాగితం మామ మా పెట్టెలో ఎవరి చేతికో ఇస్తే నాకు చేరుతుంది. ఆ రోజుల్లో మా లైను మీద ఏదైనా అలాగే చేరేది, మరిచిపోయిన టిఫిన్ డబ్బా అయినా, అనంతగిరి ఆసుపత్రి మందులైనా, పెళ్ళిచూపుల ఫోటో అయినా.

చేరడం చేరేది. కాకపోతే దారిలో అందరూ చదివేవారు. వికారాబాదులో ఎక్కిన కాగితం నా సీటు దాకా వచ్చేలోపు పెట్టె మొత్తం దాని మీద ఒక నిర్ణయానికి వచ్చేసేది. లింగంపల్లిలో గడియారాల కొట్టున్న ముసలి చాచా అయితే నా కోర్సులు నాకంటే బాగా కంఠస్థం పట్టాడు. "రాళ్ళు సూడనీకి గంత దూరం ఎందుకు బేటీ, మీ తాండూర్ల లెవ్వా, గవే సూపించి పాస్ చెయ్యమను" అని ఆయన రోజూ అనేవాడు, రోజూ అందరూ నవ్వేవారు, నేను తప్ప. రోజూ వికారాబాదులో ఎక్కే బ్యాంకు సారు, ఇంగ్లీషు మీద ఆయనకు ప్రాణం, నా ఉత్తరాల్లో తప్పులు దిద్దేవాడు. ప్రయాణం ఏర్పాట్లూ పెట్టెలోనే జరిగాయి. బొంబాయి దాకా మా ఊరి మీదుగా పోయే బండే, అక్కడ దించుకుని విమానం ఎక్కించడానికి ఎవరి తోడల్లుడో ఉన్నాడు, విమానంలోకి ఎంత పచ్చడి తీసుకుపోనిస్తారో ఎవరి బావమరిదికో తెలుసు. పాస్‌పోర్టు, వీసా నానా తిప్పలూ పడి చేతికొచ్చాయి. ఇక బయలుదేరే తారీఖు ఒక్కటే తేలాలి.

అది తేలే వేళకు వానలు పట్టుకున్నాయి. కాగ్నా నది పొంగింది, పట్టాల కింద కట్ట కోసుకుపోయి బండ్లు ఆగిపోయాయి, ఫోను తీగలు తెగి తాండూరు లోకంతో సంబంధం లేకుండా మిగిలింది. నేను ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుని వానను తిట్టుకుంటున్న ఆ రోజుల్లోనే వికారాబాదు బూత్‌కు ఫ్యాక్స్ వచ్చింది. ఫీల్డ్ కోర్సుకు ఫలానా తారీఖుకల్లా రావాలి, వస్తున్నదీ లేనిదీ వెంటనే చెప్పాలి, కుదరకపోతే ఆ చోటు తర్వాతివాళ్ళకు ఇస్తాం అని.

మామకు నన్ను అందుకునే దారి లేదు. ఆలస్యమైతే పిల్ల చదువు పోతుందని ఆయనకు నిజంగానే భయం పట్టుకుంది. కానీ క్యాలెండరు చూస్తే ఆ తారీఖు పెద్దల దినాల మధ్యలో పడింది. పెద్దల అమావాస్య, అదే మా పెత్రమాస, వెళ్ళేదాకా ఆ పక్షం రోజులూ మావాళ్ళు కొత్త చీపురు కూడా కొనరు, అటువంటిది ఇంటి ఆడపిల్లను సముద్రాల అవతలికి పంపడమా? అలాగని వద్దనడానికీ ఆయనకు మనసొప్పలేదు, నేను వెళ్ళాలని నా తర్వాత అంతగా కోరుకున్నది ఆయనే. అందుకని బ్యాంకు సారును ఇంటి నుంచి పిలిపించి జవాబు రాయించాడు. మా పితృదేవతల పవిత్ర దినాల కారణంగా అభ్యర్థిని అమావాస్య దాటిన వెంటనే బయలుదేరుతుంది, దయచేసి అంతవరకు మీ కోర్సును ఆపగలరు అని బ్యాంకు సారు తన ఇంగ్లీషునంతా ధారపోసి రాశాడు. మామ సంతకం పెట్టి పంపించి, నా సూట్‌కేసు కోసం బజారుకు వెళ్ళాడు.

ఇందులో ఆయన ఆలోచన ఏమిటో మా లైను మీద తిరిగినవాళ్ళకే అర్థమవుతుంది. మామ షట్టరు వేసి వస్తున్నాడంటే గార్డు పచ్చజెండా కాసేపు చంకలో పెట్టుకునేవాడు. దోమ అనే ఊరికి పోయే బస్సు పెళ్ళివాళ్ళ కోసం ఇంజను ఆపుకుని నిలబడేది. మాకు తెలిసిన లోకంలో ముందుగా మర్యాదగా ఒక మాట చెబితే ఎవరైనా ఆగుతారు. చోటు వేరేవాళ్ళకు ఇస్తామన్న ముక్క ఆయన చదవకపోలేదు, కండక్టర్లు కూడా అలాగే అరుస్తారు కదా, అరిచి ఆగుతారు కదా అనుకున్నాడు.

బండ్లు మళ్ళీ నడిచిన రోజు నేను వికారాబాదులో దిగేసరికి మామ రెండు కాగితాలు ఒకేసారి నా చేతిలో పెట్టాడు. ఒకటి వాళ్ళు అడిగినది, రెండోది ఆయన జవాబుకు వాళ్ళ జవాబు. కోర్సును ఆపడం వీలు కాదు, చింతిస్తున్నాం, చోటు మరొకరికి ఇచ్చాం. అది చదివి నేను ప్లాట్‌ఫారం మీదే గట్టిగా ఏడ్చాను. ఆ తర్వాత యూనివర్సిటీ నుంచి మా సారు ఫ్యాక్స్ పంపారు, నేను బూత్‌లో నిలబడి జర్మనీకి ఫోన్ చేశాను. అవతల ఎవరో ఆవిడ ఎంతో మెత్తగా, కొండలకు పోయే బస్సులో సీట్లు నిండిపోయాయని చెప్పింది. చేతికందింది నోటికి అందకుండా పోయింది. మామ మాత్రం చాలా రోజులు ఒకటే మాట మీద ఉన్నాడు. "పెత్రమాస దాటినంక వస్తది అని సక్కగ చెప్పినం గద, గంత సదువుకున్నోళ్ళు జెర ఆగరాదు?" నన్ను అడ్డుకున్నానని ఆయనకు ఎన్నడూ తోచలేదు, వాళ్ళు ఆగలేదన్నదే ఆయన బాధ. ఆ దసరాకు నేను ఆయన చేతిలో జమ్మి ఆకు పెట్టి దండం పెట్టడానికి పోలేదు.

తర్వాత బడిలో టీచరునయ్యాను. నిలబడిన రాళ్ళ గురించి పిల్లలకు నల్లబల్ల మీద బొమ్మ గీసే చెబుతూ వచ్చాను. పెళ్ళిళ్ళలో కలిసే నా ఈడు వాళ్ళు ఆ రోజులే వేరు, అందరూ అందరికీ ఉండేవారు అంటుంటే నాకు చిర్రెత్తుకొస్తుంది. ఉండేవారు, నిజమే. నా ఉత్తరం నాకంటే ముందు చదివేటంతగా ఉండేవారు. అయినా ఇప్పుడు అదే లైను మీద ఎక్స్‌ప్రెస్‌లో పోతుంటే, పెట్టెలో ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటూ కూర్చున్నప్పుడు, తాండూర్ల రాళ్ళు లెవ్వా బేటీ అని ఎవరైనా అడిగితే బాగుండునని కూడా అనిపిస్తుంది. అడిగితే తిట్టేదాన్నేమో.

ఆ మధ్యాహ్నం మేనకోడలికి మెయిల్ వచ్చింది. వేళలు సర్దారట. ఒక్క ఎగురు ఎగిరి, వెంటనే టికెట్లు వెతకడం మొదలుపెట్టింది. కుదిరే తారీఖు ఒకటే కనబడిందని పైకి చదివింది. నా కళ్ళు వాటంతటవే గోడ మీది క్యాలెండరుకు పోయాయి. లేచి, ఎవరూ చూడడం లేదనుకుని సెప్టెంబరు, అక్టోబరు కాగితాలు ఎత్తి చూశాను. ఆ తారీఖు మీద అమావాస్య గుర్తు, నిండు నల్లటి చుక్క. పెత్రమాస నాడే.

"ఏమైంది అత్తమ్మా?"

వంటింట్లో మరదలు ఉంది, ఒక్క మాట చెబితే చాలు, ఆ తారీఖు ప్రయాణం ఆగిపోతుంది. నా నాలుక చివరి దాకా వచ్చింది కూడా. అది మామ మాటే, మామ గొంతుతోనే వచ్చింది.

"ఏం లేదు బిడ్డా. జెప్పన బుక్ చెయ్యి, ఆలిస్యం చెయ్యకు" అన్నాను.

ఆ పిల్ల బుక్ చేసింది. మామ పోయినప్పటి నుంచి పెత్రమాస నాడు ఆయన కొడుకులు ఆయన పేరున అయ్యగారికి బియ్యం ఇస్తారు. ఏటా నేనూ వెళ్ళి ఒక దోసెడు కలుపుతాను. ఈసారి కలిపేటప్పుడు ఆయనకు ఒక మాట చెప్పాలి, మామా, మన పిల్ల ఇయ్యాలనే పోయింది, ఎవ్వరినీ ఆగమని అడగలేదు అని.