నలుగురి ఆట

ఈ మాజీ సైనికుల గోల్ఫు సంఘాన్ని మొదలుపెట్టింది, యుద్ధంలో దెబ్బలు తిని ఆస్పత్రిలో పక్కపక్క మంచాల మీద పడుకున్న నలుగురు. మళ్ళీ నడక నేర్చుకోవడానికే వాళ్ళు గోల్ఫు కర్రలు పట్టారు. తమలో చనిపోయినవాడి వంతు దాటిపోకూడదనీ, వాడు బంతి కొట్టేంత సేపూ తక్కినవాళ్ళు ఆగాలనీ కట్టుబాటు పెట్టుకున్నారు. ఇప్పుడు మిగిలింది సార్జెంటు ఒక్కడే. ప్రతి ఆదివారం బూట్లు అద్దంలా తుడుచుకుని, కుంటికాలు ఈడ్చుకుంటూ వస్తాడు. తన బంతి కొట్టేసి, టోపీ తీసి చంకలో పెట్టుకుని, ఆ ముగ్గురి కోసం నిలబడతాడు. వెనకవాళ్ళు చాదస్తమని గొణుక్కుంటారు.

మొన్న కొత్తగా చేరిన కెప్టెను ఉండబట్టలేక దగ్గరికొచ్చాడు.

"ముందంతా ఖాళీగానే ఉంది కదా తాతగారూ, ఇంకా ఎవరి కోసం?"

"మా పటాలం వంటవాడు కొట్టాలి బాబూ. కూరైనా బంతైనా తొందరపడితే చెడిపోతుందంటాడు వాడు."

కెప్టెను పెదవుల దాకా వచ్చిన నవ్వు అక్కడే ఆగిపోయింది. ముసలాయన చూపు మెల్లగా పైకి లేచి, ఆకాశంలో వంపు తిరిగి, దూరంగా కిందికి దిగింది.

"ఛ! మళ్ళీ ఇసక గుంటలోనే పడేశాడు."

కెప్టెను కూడా తనకు తెలియకుండానే అటు చూశాడు.